బీమా కంపెనీకి ప్రభుత్వమే అండగా నిలిస్తే మన ప్రీమియం తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో మేరీల్యాండ్‌లో ఉంటున్నారు. అల్లుడు రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టింగ్ పని పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఇద్దరు పిల్లలతో కలిపి నలుగురి ఆరోగ్య బీమా వాళ్లే కొనుక్కుంటున్నారు. ఈ ఏడాది నెలవారీ బిల్లు చూసి అమ్మాయి ఫోనులో ఒకటే బాధపడింది. ‘ఈ రాష్ట్రంలో రీఇన్సూరెన్స్ పథకం ఉండబట్టి ఈ మాత్రంతో సరిపోయింది, లేకపోతే ఇంకా ఎక్కువయ్యేది’ అని అల్లుడు అంటున్నాడు. ప్రభుత్వం బీమా కంపెనీలకు డబ్బిస్తే మా ప్రీమియం ఎందుకు తగ్గుతుంది? కంపెనీలు జేబులో వేసుకోవా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మీ అల్లుడు గారు చెప్పింది నిజమే. మీ అనుమానం కూడా కొట్టిపారేయదగింది కాదు కనుక కాస్త వివరంగానే చెబుతాను. రీఇన్సూరెన్స్ అంటే బీమా కంపెనీకే బీమా, అంటే కంపెనీ కట్టాల్సిన క్లెయిముల్లో కొంత భాగాన్ని మరొకరు భరించడం.

బీమా కంపెనీకి చందాదారుల్లో ఎక్కువ మంది వల్ల పెద్ద ఖర్చేమీ ఉండదు. జ్వరానికో, పిల్లల టీకాలకో ఏడాదిలో ఒకటి రెండు సార్లు డాక్టరు దగ్గరికి వెళ్తారు, అంతే. ఖర్చంతా కొద్దిమంది దగ్గర పేరుకుంటుంది. ఒకరికి డయాలసిస్, ఒకరికి క్యాన్సర్ మందులు, మరో ఇంట్లో నెలలు నిండకుండా పుట్టి వారాల తరబడి ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న పసిబిడ్డ. 2014 నుంచి అమెరికాలో పాత జబ్బు ఉందన్న కారణంతో ఎవరికీ పాలసీ నిరాకరించకూడదు, ముఖ్యమైన వైద్య సేవలకు ఏడాదికి ఇంత, జీవితకాలానికి ఇంత అని గరిష్ఠ పరిమితీ పెట్టకూడదు. మన దేశంలో అయిదు లక్షల పాలసీ తీసుకుంటే కంపెనీ బాధ్యత అయిదు లక్షలతో ఆగిపోతుంది. అక్కడ అలా ఆగే గీత లేదు. అందువల్ల కంపెనీ ధర కట్టేటప్పుడు నిరుటి క్లెయిముల ఖర్చుతో పాటు వచ్చే ఏడాది ఎవరి బిల్లు ఎంత దూరం పోతుందోనన్న భయాన్ని కూడా ప్రీమియంలో కలుపుతుంది. రీఇన్సూరెన్స్ తగ్గించేది ముఖ్యంగా ఆ పెద్ద బిల్లుల బరువును, దాని వెంట ఉన్న ఆ భయాన్ని.

మేరీల్యాండ్ పథకం 2019లో మొదలైనప్పుడు ఉన్న అంకెలతోనే లెక్క వేసి చూద్దాం. ఒక రోగి క్లెయిములు ఏడాదిలో 20,000 డాలర్లు దాటితే, అక్కడి నుంచి 2,50,000 డాలర్ల వరకు అయ్యే ఖర్చులో 80 శాతం రాష్ట్ర పథకం కంపెనీకి తిరిగి ఇస్తుంది. ఒక డయాలసిస్ రోగికి ఏడాదిలో 1,80,000 డాలర్లు అయిందనుకోండి. మొదటి 20,000 కంపెనీదే. మిగిలిన 1,60,000లో 1,28,000 డాలర్లు పథకం భరిస్తుంది. అంటే కంపెనీ చేతి నుంచి పోయేది మొత్తం 52,000 డాలర్లు. ఆ రోగికి ఈ సర్దుబాటు తెలియనే తెలియదు. అతని కార్డు, డాక్టరు, కట్టాల్సిన వాటా అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. మారేది కంపెనీ గణాంక నిపుణుడి కాగితం మీద ఉన్న అంకె. వచ్చే ఏడాది ధర పుట్టేది ఆ కాగితం మీదే.

ఈ పద్ధతి మేరీల్యాండ్ కనిపెట్టింది కాదు. ఒబామా కాలంలో వచ్చిన ఆరోగ్య బీమా చట్టంలోనే 2014 నుంచి 2016 దాకా మూడేళ్ల పాటు దేశమంతటా తాత్కాలిక రీఇన్సూరెన్స్ పెట్టారు. మొదటి ఏడాది దానికి 1,000 కోట్ల డాలర్లు, రెండో ఏడాది 600 కోట్లు, మూడో ఏడాది 400 కోట్లు అని ముందే రాసుకున్నారు. సొమ్ము ఖజానా నుంచి తీయలేదు. ఉద్యోగుల బీమాతో సహా దేశంలోని ఆరోగ్య పథకాల దగ్గర తలకింత అని వసూలు చేశారు. 2014లో అది తలకు 63 డాలర్లు. అంటే మీ అల్లుడు గారి లాంటి సొంత పనివాళ్ల ప్రీమియం తగ్గడానికి కంపెనీల్లో పనిచేసేవాళ్లు తలా కాస్త వేసుకున్నట్టు. మొదటి ఏడాది ఈ పథకం వల్ల ప్రీమియంలు 10 నుంచి 14 శాతం దాకా తక్కువగా ఉన్నాయని ఒక అంచనా. గడువు తీరాక 2017లో ధరలు బాగా ఎగశాయి. ఈ చేయూత పోవడం దానికి ఉన్న కారణాల్లో ఒకటి.

ఆ సమయంలోనే అలాస్కా సొంత దారి వెతుక్కుంది. అక్కడ వ్యక్తిగతంగా బీమా కొనుక్కునేవాళ్లు సుమారు ఇరవై వేల మంది. జనం తక్కువ, ఆసుపత్రులు తక్కువ, ధరలు ఎక్కువ. 2017కి ఒకే ఒక్క కంపెనీ, ప్రెమెరా, మిగిలింది. ప్రీమియం 42 శాతం పెరగబోతోందని తేలింది. 2016లో రాష్ట్రం బీమా ప్రీమియం పన్ను నుంచి 5.5 కోట్ల డాలర్లు తీసి రీఇన్సూరెన్స్‌కు పెట్టింది. ఆ పన్నులో కారు బీమా, ఇంటి బీమా మీద వసూలైనదీ ఉంది. 42 శాతం అనుకున్న పెంపు దాదాపు 7 శాతంతో ఆగింది. మరుసటి ఏడాది ధరలు ఏకంగా తగ్గాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అల్పాదాయ, మధ్యతరగతి కుటుంబాలకు ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీని ఆ ప్రాంతంలో దొరికే సిల్వర్ ప్లాన్లలో, అంటే మధ్యస్థాయి పాలసీల్లో, చవకలో రెండోదాని ధరను బట్టి లెక్కగడతారు. దాన్నే బెంచ్‌మార్క్ ప్లాన్ అంటారు. రాష్ట్రం సొమ్ము పెట్టి ఆ ధర తగ్గిస్తే ఫెడరల్ ప్రభుత్వానికి సబ్సిడీ ఖర్చు మిగులుతుంది. ‘మా డబ్బు వల్ల మీకు మిగిలింది, అది మాకే ఇవ్వండి’ అని అలాస్కా అడిగింది. ఆ ఆరోగ్య బీమా చట్టంలో రాష్ట్రాలకు వెయివర్, అంటే మినహాయింపు, ఇచ్చే 1332 సెక్షన్ కింద 2017 జులైలో ఒప్పుకున్నారు. అప్పటి నుంచి పదిహేనుకు పైగా రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి. మేరీల్యాండ్‌కు 2019లో ఇలా తిరిగి వచ్చిన సొమ్ము 37 కోట్ల డాలర్లకు పైనే. మిన్నెసోటాకు మాత్రం ఆ అదృష్టం పూర్తిగా దక్కలేదు. వెయివర్ ఇచ్చారు గానీ, పేదల కోసం ఆ రాష్ట్రం నడిపే మరో పథకంలో ఫెడరల్ ప్రభుత్వానికి మిగిలిన సొమ్మును కలపలేదు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టయింది.

ఇక మీరు అడిగిన అసలు మాట, జేబులో వేసుకోవా అన్నది. వేసుకోవడానికి రెండు చోట్ల అడ్డు ఉంది. మొదటిది, కంపెనీ ధరలను ముందుగా రాష్ట్ర బీమా శాఖకు సమర్పించాలి. రీఇన్సూరెన్స్ వల్ల ఎంత తగ్గిందో విడిగా చూపించమని శాఖ అడుగుతుంది. రెండోది, వ్యక్తిగత పాలసీల్లో వసూలైన ప్రీమియంలో కనీసం 80 శాతం వైద్యానికీ, నాణ్యత మెరుగుదలకీ ఖర్చు కావాలి. మూడేళ్ల సగటులో అంతకు తగ్గితే తేడాను చందాదారులకు వాపసు ఇవ్వాలి. ఈ రెండూ ఉన్నందువల్లే మేరీల్యాండ్‌లో 2019కి కంపెనీలు సగటున 30 శాతం పెంపు అడిగి ఉండగా, పథకం వచ్చాక పెరగాల్సినవి సగటున 13 శాతం తగ్గాయి. తర్వాతి రెండేళ్లూ తగ్గుదల కొనసాగింది. ఈ అడ్డుకట్టలు లేనిచోట ఇదే డబ్బిస్తే మీ అనుమానమే నిజమయ్యేదని నా అభిప్రాయం.

పోటీ సంగతి. 2019 నాటికి మేరీల్యాండ్‌లో వ్యక్తిగత పాలసీలు అమ్మేవి రెండే, కేర్‌ఫస్ట్, కైజర్. 2021కి యునైటెడ్ హెల్త్‌కేర్ తిరిగి వచ్చింది. అలాస్కాకు 2020లో మోడా అనే కంపెనీ తిరిగి వచ్చింది. ఎందుకంటే కొత్తగా అడుగుపెట్టే కంపెనీకి ఆ ఊరి చందాదారుల ఆరోగ్య చరిత్ర తెలియదు. అయిదు వేల మందితో మొదలుపెట్టినవాడికి పది లక్షల డాలర్ల బిల్లు ఒక్కటి తగిలినా ఆ ఏడాది లెక్కలు తలకిందులవుతాయి. లక్షల మంది ఉన్న పాత కంపెనీకి అదే బిల్లు చీమ కుట్టినట్టు. ప్రైవేటు రీఇన్సూరెన్స్ కొనుక్కోవచ్చు గానీ, చిన్నవాడికి అది ఖరీదు. ప్రభుత్వ రీఇన్సూరెన్స్ ఈ తేడాను కొంత చెరిపేస్తుంది. అయితే కంపెనీలు తిరిగి రావడం మొత్తాన్ని రీఇన్సూరెన్స్ ఖాతాలో వేయడం సరికాదు. పైగా జిల్లాకు ఒక్కటే పెద్ద ఆసుపత్రి ఉన్నచోట అయిదు కంపెనీలు వచ్చినా, ఆ ఆసుపత్రి చెప్పిందే ధర. రీఇన్సూరెన్స్ బిల్లు ఎవరు కట్టాలో మారుస్తుంది, బిల్లులోని అంకెను మార్చదు.

మీ అమ్మాయి బిల్లు ఈ ఏడాది పెరగడానికి కారణం బహుశా వేరే ఉంది. 2021లో పెంచిన అదనపు సబ్సిడీల గడువు 2025 డిసెంబరుతో ముగిసింది. 2026లో నలుగురున్న కుటుంబానికి ఏటా 1,28,600 డాలర్లు దాటి ఆదాయం ఉంటే సబ్సిడీ ఒక్క డాలరు కూడా రాదు. ఆ గీత పైన ఉన్నవాళ్లు ప్రీమియం పూర్తిగా కట్టుకోవాలి. రీఇన్సూరెన్స్ వల్ల అందరికంటే ఎక్కువ మేలు పొందేది కూడా వాళ్లే. ఈ ఏడాది మీ అల్లుడు గారి ఆదాయం గీతకు కొద్దిగా మాత్రమే పైన ఉండేట్టయితే, సొంత వ్యాపారం ఉన్నవాళ్లకు పన్ను లెక్కలో దొరికే పదవీ విరమణ పొదుపు మినహాయింపుల గురించి అక్కడి ఆడిటరును ఏడాది ముగియకముందే అడగమనండి.

ప్రశ్న: జార్జియాలో అట్లాంటాకు దూరంగా ఒక చిన్న ఊళ్లో గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను. నేనూ నా భార్యా సబ్సిడీ మీద సిల్వర్ కంటే చవకైన బ్రాంజ్ ప్లాన్ తీసుకుంటాం. 2022లో రీఇన్సూరెన్స్ వచ్చిందని, ప్రీమియంలు తగ్గాయని పేపర్లో చదివాను. మా చేతి నుంచి కట్టేది మాత్రం పెరిగింది. ఎక్కడో పొరపాటు జరిగిందా?
– పాఠకుడు, జార్జియా

జవాబు: పొరపాటు జరగలేదు. మీకు జరిగింది లెక్క ప్రకారమే జరిగింది. ఆ లెక్కలోనే అన్యాయం ఉంది.

విడమరిచి చూపడానికి గుండ్రటి అంకెలు తీసుకుంటాను. మీ ఊళ్లో బెంచ్‌మార్క్ సిల్వర్ ప్లాన్ నెలకు 1,000 డాలర్లు, మీరు కొనే బ్రాంజ్ ప్లాన్ 700 అనుకుందాం. మీ ఆదాయాన్ని బట్టి బెంచ్‌మార్క్‌కు మీరు కట్టాల్సిన వాటా 600. కాబట్టి సబ్సిడీ 400. బ్రాంజ్ కొంటే 700లో 400 పోను మీరు కట్టేది 300. ఇప్పుడు రీఇన్సూరెన్స్ వచ్చి అన్ని ధరలూ 15 శాతం తగ్గాయి. బెంచ్‌మార్క్ 850 అయింది. మీ ఆదాయం మారలేదు కనుక మీ వాటా 600 అలాగే ఉంది, సబ్సిడీ 250కి పడిపోయింది. బ్రాంజ్ 595కి దిగింది. 595లో 250 పోతే 345. సరుకు ధర 105 డాలర్లు తగ్గింది, మీ జేబు నుంచి పోయేది 45 డాలర్లు పెరిగింది. అదే ఊళ్లో సబ్సిడీ లేని డాక్టరుగారికో, పెద్ద వ్యాపారికో 105 డాలర్లూ మిగిలాయి.

సబ్సిడీదారులకు లాభం వచ్చేది బెంచ్‌మార్క్‌కూ చవక ప్లాన్‌కూ మధ్య ఉన్న ఎడం నుంచి. ధరలన్నీ ఒకే శాతంలో దిగితే ఆ ఎడం కుంచించుకుపోతుంది. జార్జియా పథకంలో ఇది మరింత పదునుగా తగిలింది. క్లెయిము 20,000 డాలర్లు దాటిన దగ్గర నుంచి 5,00,000 దాకా, బీమా చవకగా ఉన్న ప్రాంతాల్లో 15 శాతం, మధ్యస్థ ప్రాంతాల్లో 45 శాతం, ఖరీదైన ప్రాంతాల్లో 80 శాతం భరించేట్టు మూడు మెట్లు పెట్టారు. ఖరీదైన పల్లె ప్రాంతాలను ఆదుకోవాలన్నది దాని వెనుక ఉద్దేశం, మంచి ఉద్దేశమే. కానీ ఆ ప్రాంతాల్లోనే ధరలు ఎక్కువగా దిగాయి, సబ్సిడీలూ ఎక్కువగా కరిగాయి. పేదరిక రేఖకు రెండున్నర నుంచి నాలుగు రెట్ల మధ్య ఆదాయం ఉన్న జార్జియా వాసులకు బీమాలో చేరడానికి అయ్యే కనీస ఖర్చు సుమారు 30 శాతం పెరిగిందని, వారిలో చేరికలు మూడో వంతు దాకా తగ్గాయని 2024లో పరిశోధకులు లెక్క తేల్చారు.

ఈ శీర్షికలో నేను సాధారణంగా ఒక పథకాన్ని వెనకేసుకొచ్చి, ఇంకొకదాన్ని తప్పుపట్టను. ఇక్కడ మాత్రం ఒక మాట అనక తప్పదు. సబ్సిడీలో మిగిలిన సొమ్ము రాష్ట్రానికి తిరిగి వస్తుందని పై జవాబులో చెప్పాను కదా. ఆ మిగులు మీలాంటి వాళ్ల సబ్సిడీ తగ్గడం వల్ల పుట్టిందే. అందులో కొంతైనా రాష్ట్రం మీకు అదనపు సహాయంగా మళ్లించి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరం మీకు వచ్చేది కాదు. మీరు చేయగలిగింది ఒకటే. ప్రతి నవంబరులో పాత ప్లాన్ దానంతటదే కొనసాగనివ్వకుండా, మీ కౌంటీలో ఆ ఏటి బెంచ్‌మార్క్ ఏదో, దానికి దిగువన ఏ ప్లాన్లు ఉన్నాయో మళ్లీ చూసుకోండి. కొత్త కంపెనీ ఒకటి చవక సిల్వర్‌తో వచ్చినా మీ సబ్సిడీ మారిపోతుంది.

ప్రశ్న: మన దేశంలో కూడా ప్రతి బీమా కంపెనీ జీఐసీకి కొంత వాటా ఇవ్వాలని విన్నాను. మా ఆరోగ్య పాలసీ ధర మీద దాని ప్రభావం ఉంటుందా?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చాలా స్వల్పం. జీఐసీ రీ మన దేశపు రీఇన్సూరెన్స్ సంస్థ. కంపెనీలు తమ ప్రతి పాలసీలో నిర్ణీత వాటాను దానికి తప్పనిసరిగా ఇవ్వాలి. ఒకప్పుడు అది 20 శాతం. క్రమంగా తగ్గించుకుంటూ వచ్చి 2022–23 నుంచి 4 శాతం చేశారు. మీరు 20,000 రూపాయల ప్రీమియం కడితే 800 రూపాయలు జీఐసీకి వెళ్తాయి, అందులోంచి కమీషన్ రూపంలో కొంత మీ కంపెనీకి వెనక్కి వస్తుంది. మీకు అయిదు లక్షల క్లెయిము వస్తే అందులో జీఐసీ పెట్టేది 20,000. చూశారు కదా, ఇది చిన్న బిల్లులోనూ పెద్ద బిల్లులోనూ ఒకే పాలు పంచుకునే పద్ధతి. అమెరికా రాష్ట్రాలలాగా పెద్ద బిల్లు వచ్చినప్పుడే రంగంలోకి దిగేది కాదు. ప్రీమియం సొమ్ములో కొంత దేశం దాటకుండా, ప్రభుత్వ సంస్థలో నిలిచేలా చేయడం దీని ఉద్దేశం. పాలసీదారుకు ధర తగ్గించడం కాదు.

మీ ధర మీద నేరుగా పడినవి వేరే ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. వాటి రీఇన్సూరెన్స్‌కు కూడా ఆ మినహాయింపు ఇచ్చారు. మీ ఇంట్లో అరవై దాటినవాళ్లు ఉంటే, ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలన్న 2025 జనవరి ఆదేశం గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆ పైన ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరించేలా కొత్త విధానం తెస్తున్నారు. ఇది కూడా ప్రభుత్వ రీఇన్సూరెన్సేనా?
– ఆసుపత్రి బిల్లింగ్ విభాగ ఉద్యోగి, గుంటూరు

జవాబు: మంచి ప్రశ్న. పేరుకు కాదు, ఆకారానికి దగ్గర. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన విధానం ప్రకారం 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, అక్కడి నుంచి 25 లక్షల దాకా ట్రస్టు చెల్లిస్తాయి. రీఇన్సూరెన్స్‌లో అయితే మొత్తం బిల్లుకు కంపెనీయే జవాబుదారీ, ప్రభుత్వం దానికి వెనక నుంచి సర్దుతుంది. ఇక్కడ గీత దాటిన తర్వాత కంపెనీకి బాధ్యతే లేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు బీమా కంపెనీ ద్వారా నడిచి, తర్వాత ట్రస్టు చేతికి వచ్చింది. ఇప్పుడు ఆ రెండింటినీ కలిపి పైమెట్టు ప్రభుత్వం దగ్గర, కిందిమెట్టు కంపెనీ దగ్గర పెట్టారు.

టెండరుకు వచ్చే కంపెనీకి ఇది ధైర్యమిస్తుంది. గుండె మార్పిడి, కాలేయ మార్పిడి లాంటి బిల్లుల భయం లేదు కనుక కుటుంబానికి కోట్ చేసే ప్రీమియం తగ్గించగలుగుతుంది, భయపడి వెనకాడే కంపెనీలూ పోటీకి వస్తాయి. ఆ మేరకు అలాస్కాలో జరిగిందే ఇక్కడా జరగవచ్చు.

నా భయం ఆ గీత దగ్గరే. అమెరికాలో చాలా రాష్ట్రాల పథకాల్లో గీత దాటాక కూడా కంపెనీకి కొంత వాటా ఉంచుతారు, మేరీల్యాండ్‌లో 20 శాతం పెట్టినట్టు. తన డబ్బు కూడా పోతుంటేనే కంపెనీ ఆ బిల్లును పట్టించుకుంటుంది. మీరు బిల్లింగ్ కౌంటర్‌లో ఉన్నవారు, ఇది నాకంటే బాగా తెలుసు. ఒక రోగి చికిత్స 2,30,000 దగ్గర ఉన్నప్పుడు కంపెనీ ప్రతి రోజు బసకూ, ప్రతి స్కాన్‌కూ ప్రశ్న వేస్తుంది. 2,60,000 అయ్యేట్టు కనిపిస్తే ప్రశ్న వేయాల్సిన అవసరం దానికి తీరిపోతుంది. ఆసుపత్రికీ బిల్లును అటువైపు నడిపించడమే సుఖం. మధ్యలో రోగి రెండు చోట్ల అనుమతి కోసం రెండు కాగితాలు పట్టుకుని నిలబడే ప్రమాదం ఉంది. కాబట్టి మీ ఆసుపత్రికి ఒప్పందం వచ్చినప్పుడు చికిత్స మధ్యలో 2.5 లక్షలు దాటితే ముందస్తు అనుమతి ఎవరు ఇవ్వాలి, ఎన్ని గంటల్లో ఇవ్వాలి, ఆలోపు డిశ్చార్జి ఆపకూడదన్న మాట రాసి ఉందా లేదా అన్నది అన్నిటికంటే ముందు చూడండి.